ఎండిన పంటకు ఎంత వస్తుంది, ఎవరికి వస్తుంది? – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల మాకు చేరిన ఉత్తరాల్లో చాలా భాగం పంటనష్టం డబ్బు గురించినవే. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల నుంచి ఎక్కువ వచ్చాయి, కర్నూలు, కడప వైపు నుంచి కొన్ని వచ్చాయి. ఒకే సంగతిని పలువురు అడిగినచోట ఒక్క ఉత్తరాన్నే తీసుకున్నాము. రాసినవారి పేర్లు వదిలేసి మండలం పేరు మాత్రమే ఉంచాము. కింద చెప్పిన సాయం రేట్లు కేంద్ర హోంశాఖ 2022-23 నుంచి 2025-26 వరకు వర్తించేలా ఖరారు చేసినవి. ఆ తరువాత జరిగిన నష్టానికి నష్టం జరిగిన నాటికి అమలులో ఉన్న ఉత్తర్వునే చూసుకోవాలి.

ప్రశ్న: నాకు ఏడెకరాల ఎర్రనేల ఉంది. జూలైలో పదును చూసుకొని చెనిక్కాయ (వేరుశనగ) వేశాను. ఊడలు దిగే వేళకు నెల దాటినా చినుకు పడలేదు. మా మండలాన్ని కరవు మండలంగా ప్రకటించారు, నా ఖాతాలో 17,000 రూపాయలు పడ్డాయి. మా ఊళ్ళోనే నాకంటే తక్కువ పొలం ఉన్న ఒకాయనకు మాత్రం రెండుసార్లు డబ్బు పడింది. ఏడెకరాలకు నాకు పెట్టుబడే లక్ష దాటింది. ఇదేం లెక్క?
– ఒక రైతు, బెళుగుప్ప మండలం

సమాధానం: మీకు పడిన మొత్తం నిబంధనల ప్రకారం సరిగ్గానే ఉంది. ఆ నిబంధనలు మీ నష్టానికి సరిపోయేవి కావన్నది వేరే మాట, అందులో మీతో నాకు పేచీ లేదు.

మీకు వచ్చినది పెట్టుబడి రాయితీ, అంటే ఊళ్ళో అందరూ ఇన్‌పుట్ సబ్సిడీ అని పిలిచేది. పంట చేతికి వచ్చి ఉంటే మీకు దక్కే ధరతో గాని, మీరు విత్తనానికీ ఎరువుకూ కూలీలకూ పెట్టిన ఖర్చుతో గాని దీనికి సంబంధం లేదు. దెబ్బతిన్న రైతు వచ్చే కారుకు మళ్ళీ విత్తుకోవడానికి చేయూతగా ఇచ్చే నిర్ణీత మొత్తం మాత్రమే ఇది. ఈ డబ్బు రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి నుంచి వస్తుంది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ఏర్పడిన ఈ నిధిలో మన రాష్ట్రం వరకు 75 శాతం కేంద్రానిది, 25 శాతం రాష్ట్రానిది. వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి వసతి ఉన్న పంటకు 17,000, చీనీ, మామిడి వంటి బహువార్షిక తోటలకు 22,500 చొప్పున ఇస్తారు. ఎంత పొలం ఉన్నా ఒక రైతుకు 2 హెక్టార్లకు మించి ఇవ్వరు. మీ 17,000 ఈ లెక్కనుంచే వచ్చింది: 8,500ను రెండుతో హెచ్చించారు. మీ పొలంలో సుమారు ఐదెకరాలు మాత్రమే లెక్కకు ఎక్కి, మిగిలిన రెండెకరాలు ఎండినా ఎండనట్టే అయ్యాయి.

పంటలో 33 శాతం, అంతకు మించి నష్టం జరిగితేనే ఈ రాయితీ వస్తుంది. 2015కు ముందు ఈ గీత 50 శాతం దగ్గర ఉండేది కనుక ఇప్పుడు కొంత మేలే. అయితే గీత దాటాక నష్టం 35 శాతమైనా నూటికి నూరైనా రేటు ఒక్కటే, గీతకు ఇవతల ఉన్నవారికి పైసా రాదు. అందువల్ల అంచనాకు వచ్చినవారు మీ పొలంలో నష్టశాతం ఎంతని రాశారో అడిగి తెలుసుకోవడం మీ హక్కుగానే భావించండి.

బోరు ఉన్నవారు ఇక్కడే ఒక సంగతి గమనించాలి. వర్షాధారం అని రాస్తే 8,500, నీటి వసతి అని రాస్తే 17,000 కాబట్టి, పంట నమోదు సమయంలో నీటి ఆధారం గడిలో ఏమి రాశారన్న దానిపై సగం డబ్బు ఆధారపడి ఉంటుంది. బోరు కింద వేసి, మధ్యలో బోరు ఆగిపోయి పంట ఎండిన పొలాన్ని వర్షాధారంగా చూపిన ఉదంతాలు మన జిల్లాలో కొత్తవి కావు.

రాష్ట్ర ప్రభుత్వం కేంద్ర ప్రమాణం కంటే ఎక్కువ ఇవ్వదలచుకుంటే తన నిధుల నుంచి కలిపి ఇవ్వవచ్చు. 2024 సెప్టెంబరు వరదల తరువాత వరికి హెక్టారుకు 25,000 రూపాయలు ఇచ్చింది అలాగే. అది ఆ సందర్భానికి వెలువడిన నిర్ణయం. దానిని చూపి ప్రతి ఏడాదీ అంతే రావాలని అడగడానికి నిబంధనల్లో ఆధారం లేదు. వరదకు పెంచినప్పుడు కరవుకు ఎందుకు పెంచరని అడగవచ్చు, అది న్యాయమైన ప్రశ్నే.

ఇక మీ ఊరి ఆయనకు రెండోసారి పడినది బహుశా పంటల బీమా సొమ్ము. ఈ రెండింటినీ మన ఊళ్ళలో కలిపి 'నష్టపరిహారం' అనేస్తారు, గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది. పెట్టుబడి రాయితీ ప్రభుత్వ సాయం, దానికి ముందుగా ఎవరూ ఏమీ కట్టరు. బీమా ఒప్పందం, ప్రీమియం కట్టి పథకంలో చేరినవారికే వర్తిస్తుంది. ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది ఆగదు. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన 2016 ఖరీఫ్‌లో మొదలైంది. ఖరీఫ్ ఆహార పంటలకూ నూనెగింజలకూ బీమా మొత్తంలో 2 శాతం, రబీకి 1.5 శాతం, వార్షిక వాణిజ్య పంటలకూ ఉద్యాన పంటలకూ 5 శాతం రైతు వాటా, మిగిలిన ప్రీమియం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలది. మన రాష్ట్రంలో కొన్నేళ్ళపాటు రైతు వాటాను కూడా ప్రభుత్వమే భరించినందువల్ల, ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-పంటలో పేరుంటే బీమా ఉన్నట్టే అనే అలవాటు పడిపోయింది. 2024-25 రబీ నుంచి ఆ పద్ధతి మారి, రైతు స్వచ్ఛందంగా తన వాటా కట్టి చేరవలసి వచ్చింది. మీరు కట్టారో లేదో ఉత్తరంలో రాయలేదు. పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు మీ ఖాతాలో ప్రీమియం కోసిందేమో పాసుపుస్తకంలో చూడండి.

కట్టి ఉన్నా రాకపోవడానికి ఇంకొక కారణం ఉండవచ్చు. మన వేరుశనగను వాతావరణ ఆధారిత బీమా కిందికి తెచ్చారు. ఈ పద్ధతిలో ఎవరూ మీ చేనికి వచ్చి చూడరు; ఆ ప్రాంతానికి నిర్ణయించిన వాతావరణ కేంద్రంలో నమోదైన వాన, వరుసగా వాన లేని రోజులు పంట దశల వారీగా లెక్కగట్టి, ముందే రాసుకున్న పట్టిక ప్రకారం ఆ ప్రాంతంలో చేరినవారందరికీ ఒకే రేటున చెల్లిస్తారు. వాన ఎద్దుకు ఒక కొమ్ము తడిసి ఇంకో కొమ్ము ఆరినట్టు కురిసే మన సీమలో, కేంద్రం దగ్గర ఒక జల్లు పడి మీ చేను దగ్గర పడకపోతే కాగితం మీద మీకు నష్టం లేనట్టే. అడగవలసినది మీ పొలం ఏ వాతావరణ కేంద్రం కిందికి వస్తుంది, ఆ కేంద్రంలో ఏ తేదీన ఎంత నమోదైంది అన్న రెండు సంగతులు. మండల వ్యవసాయ అధికారి దగ్గర వాటికి జవాబు దొరకాలి.

ప్రశ్న: నాలుగెకరాలు గుత్తకు చేస్తున్నాను. భూమి వాళ్ళు బెంగళూరులో ఉంటారు. కంది, ఆముదం వేసి నష్టపోయింది నేను. డబ్బు మాత్రం వాళ్ళ ఖాతాలో పడింది. అడిగితే 'ప్రభుత్వం మాకిచ్చింది' అంటున్నారు. గుత్త కూడా పూర్తిగా వసూలు చేసుకున్నారు. నేను ఎవరికి చెప్పుకోవాలి?
– ఒక కౌలు రైతు, వజ్రకరూరు మండలం

సమాధానం: రాయితీ సాగుచేసినవారికి చెందుతుంది, భూమి పట్టా ఉన్నవారికి కాదు. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం చెప్పేది ఇదే: భూమిపై యజమాని హక్కుకు ఏ భంగమూ కలగదు, పంటపై వచ్చే రుణం, బీమా, విపత్తు సాయం సాగుదారుకు అందుతాయి. కాని ఈ హక్కు పొందాలంటే సాగుదారు హక్కు పత్రం, మన ఊళ్ళలో సీసీఆర్సీ కార్డు అనేది, చేతిలో ఉండాలి. ఆ పత్రంపై భూ యజమాని సంతకం ఉండాలి. పత్రానికి 11 నెలల గడువే ఉంటుంది కనుక ఏటా కొత్తది తీసుకోవాలి.

చట్టం బలహీనత యజమాని సంతకం దగ్గరే ఉందని నా అభిప్రాయం. దీనికి ముందున్న 2011 చట్టంలో యజమాని అంగీకారం తప్పనిసరి కాదు. సాగుదారు దరఖాస్తు చేసుకుంటే గ్రామంలో విచారించి కార్డు ఇవ్వాలన్నది అప్పటి పద్ధతి. ఇప్పుడు సంతకం అడిగేసరికి, రేపు భూమి తమది కాకుండా పోతుందేమోనన్న భయంతో చాలామంది వెనకాడుతున్నారు. ఊళ్ళో లేనివారి సంగతి చెప్పనవసరం లేదు. పంట రుణం తమ పేరనే తెచ్చుకుని, సాయం కూడా తామే తీసుకుంటున్నవారికి సంతకం పెట్టకపోవడంలో లాభమే తప్ప నష్టం లేదు.

మీరు ఇప్పుడు చేయగలిగినది ఇది. మొదట రైతు సేవా కేంద్రానికి వెళ్ళి మీ పొలం సర్వే నంబరు మీద ఈ-పంటలో సాగుదారుగా ఎవరి పేరు నమోదైందో చూడండి. ఈ-పంటలో పట్టాదారు పేరు వేరుగా, వాస్తవంగా సాగుచేస్తున్నవారి పేరు వేరుగా రాసుకునే వీలుంది. సాగుదారుగా మీ పేరే ఉండి డబ్బు యజమానికి పోయి ఉంటే అది చెల్లింపులో జరిగిన తప్పు కనుక, ఆ నకలు జతపరచి మండల వ్యవసాయ అధికారికి లిఖితపూర్వకంగా ఇచ్చి, సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా అర్జీ ఇవ్వండి. యజమాని పేరే సాగుదారుగా ఉంటే ఈ ఏటి డబ్బు తిరిగి రావడం కష్టమని దాచకుండా చెబుతున్నాను. అలాంటప్పుడు ఊరి పెద్దల సమక్షంలో యజమానితో మాట్లాడి, వచ్చిన డబ్బును గుత్తలో తగ్గించమని అడగడమే మిగిలిన దారి.

వచ్చే ఏడాదికి మాత్రం గుత్త మాట్లాడుకునే రోజే సంతకం సంగతి కూడా తేల్చుకోండి. 11 నెలల గడువు పెట్టడం వెనుక ఉద్దేశమే యజమాని భయం పోగొట్టడమని, ఆ పత్రంతో కౌలుదారుకు భూమిపై ఏ హక్కూ పుట్టదని వారికి చెప్పండి. విత్తనం వేశాక సంతకం అడిగితే ఎవరూ పెట్టరు.

ప్రశ్న: మా పక్క మండలం కరవు జాబితాలో ఉంది, మాది లేదు. రెండు మండలాల పొలాలకు మధ్య ఒక్క గట్టే అడ్డం. గట్టుకు అటువైపు వేరుశనగ ఎండితే కరవు, ఇటువైపు ఎండితే కాదా? రాజకీయం కాకపోతే మరేమిటి?
– ఒక పాఠకుడు, కుందుర్పి మండలం

సమాధానం: రాజకీయం ఉందో లేదో ఇక్కడ కూర్చుని తేల్చలేను కాని, రాజకీయం లేకుండా కూడా ఇలా జరగడానికి వీలున్న పద్ధతే అమలులో ఉంది. అది తెలిస్తే మీరు ఎక్కడ గట్టిగా అడగాలో తెలుస్తుంది.

కరవును ప్రకటించేది రాష్ట్ర ప్రభుత్వం. అందుకు కేంద్ర వ్యవసాయ శాఖ 2016లో రూపొందించిన కరవు నిర్వహణ మాన్యువల్ ఆధారం. మన రాష్ట్రంలో మండలమే కొలమానం. మొదట వాన చూస్తారు: ఆ కాలానికి పడవలసిన దానికంటే ఎంత లోటు ఉంది, మూడు నాలుగు వారాలు వరుసగా సాధారణంలో సగం కూడా పడని బెట్ట వచ్చిందా అన్నవి. ఈ మెట్టు దాటితే పంట ఎంత మేర విత్తారు, ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనం ఎంత ఉంది, నేలలో తేమ ఎంత, జలాశయాల్లోనూ భూగర్భంలోనూ నీళ్ళు ఎంత అని నాలుగు వైపుల నుంచి చూస్తారు. ఆ తరువాత పదింట ఒక వంతు గ్రామాల్లో పొలాలకు వెళ్ళి నష్టం సరిచూస్తారు. అన్నీ కలిపి మండలం తీవ్ర కరవులో ఉందో, మధ్యస్థ కరవులో ఉందో, అసలు లేదో తేలుస్తారు. ఖరీఫ్‌కు అక్టోబరు నెలాఖరులోగా, రబీకి మార్చి నెలాఖరులోగా ప్రకటన రావాలి. తీవ్ర, మధ్యస్థ అన్న తేడా మాటల తేడా మాత్రమే కాదు. జాతీయ విపత్తు నిధి నుంచి అదనపు సాయం కోరడానికి తీవ్ర కరవు మండలాలే పనికివస్తాయి. 2023 ఖరీఫ్‌లో రాష్ట్రంలో తీవ్ర, మధ్యస్థ రెండూ కలిపి 103 మండలాలను ఇలాగే ప్రకటించారు.

మన మెట్ట పైరుకు ఈ పద్ధతి ఎక్కడ అన్యాయం చేస్తుందంటే, మొత్తం వానను చూసేచోట. ఉమ్మడి అనంతపురం జిల్లా ఏడాది సగటు వర్షపాతమే 552 మిల్లీమీటర్లు. వేరుశనగ నూరు, నూటపది రోజుల పంట. ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు పదును లేకపోతే ఆపై ఎంత కురిసినా చెట్టు పచ్చబడుతుందే గాని కాయ పట్టదు. ఆగస్టులో బెట్ట తగిలి పంట పోయాక సెప్టెంబరు చివర రెండు భారీ వానలు పడితే, కాలం మొత్తం లెక్కలో లోటు పూడిపోతుంది, ఉపగ్రహానికి పచ్చదనం కూడా కనబడుతుంది. కోత వేళ కట్టె (వేరుశనగ చెట్టు) పీకితే గాని నష్టం బయటపడదు. పూర్వం ఆనవారి లెక్కలు కట్టిన రోజుల్లో దిగుబడి చూసి చెప్పేవారని పెద్దలు గుర్తుచేసుకోవడం ఇందుకే.

అందువల్ల మీ మండలం వారు మొత్తం వాన లోటు గురించి వాదించడం కంటే, బెట్ట ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు సాగింది, ఆ రోజులకు పంట ఏ దశలో ఉంది అన్నదాన్ని ఊరూరా రాసి ఇవ్వడం ఎక్కువ ఫలిస్తుంది. మండలంలోని స్వయంచాలిత వాతావరణ కేంద్రాల రోజువారీ అంకెలు రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంఘం దగ్గర ఉంటాయి. వారాల వారీగా అవి చూపితే కాదనడం కష్టం. అర్జీ సెప్టెంబరు ముగిసేలోగా కలెక్టరు కార్యాలయానికి చేరాలి. జాబితా వెలువడ్డాక చేసే ధర్నాతో పేరు ఎక్కిన సందర్భాలు తక్కువ. మండలం కరవు జాబితాలో లేకపోయినా బీమా ఆగదని కూడా మరిచిపోకండి. బీమాకు ఆ ప్రకటనతో పనిలేదు.

ప్రశ్న: జాబితాలో నా పేరు ఉంది, చెల్లించినట్టు రాశారు. నా పాసుపుస్తకంలో మాత్రం రాలేదు.
– ఒక మహిళా రైతు, మడకశిర మండలం

సమాధానం: మీరు ఇచ్చిన ఖాతా నంబరుకు కాకుండా, మీ ఆధార్‌కు చివరగా అనుసంధానమైన ఖాతాకు ఈ డబ్బు పోతుంది. ఎప్పుడో ఉపాధి హామీ కూలి కోసమో, పొదుపు సంఘం రుణం కోసమో తెరిచి మరిచిపోయిన ఖాతాలో అది ఉండవచ్చు. ఆధార్ వెబ్‌సైటులో బ్యాంకు అనుసంధానం చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది. గ్రామ సచివాలయంలో కూడా చూసి చెబుతారు. అక్కడా లేకపోతే చెల్లింపు వెనక్కి పోయి ఉంటుంది. ఖాతా సరిచేయించి వ్యవసాయ సహాయకునికి రాతపూర్వకంగా తెలపండి.

ప్రశ్న: కేసీ కాలువ కింద వరి కోసి మళ్ళలో ఆరబెట్టాను. తుఫాను వానకు ఓదెలు నీళ్ళలో తేలి గింజ మొలకెత్తింది. బీమా కట్టాను. 'కోత అయిపోయింది కాబట్టి వర్తించదు' అన్నారు. నిజమేనా?
– ఒక రైతు, ఖాజీపేట మండలం, కడప జిల్లా

సమాధానం: మీ విషయంలో నిజం కాదు. దిగుబడి ఆధారిత ఫసల్ బీమాలో, కోసి పొలంలో ఆరబెట్టిన పంటకు కోసిన నాటి నుంచి 14 రోజుల వరకు రక్షణ ఉంటుంది. వడగళ్ళు, తుఫాను, తుఫాను వానలు, అకాల వర్షాలు ఇందులోకి వస్తాయి. అయితే నష్టం జరిగిన 72 గంటల్లోగా తెలియజేయాలన్న షరతు ఉంది. 14447 నంబరుకు ఫోన్ చేసి చెప్పి, వారిచ్చే ఫిర్యాదు సంఖ్య రాసుకోవడం అన్నిటికంటే సులువు. బ్యాంకులోనూ, వ్యవసాయ శాఖ వారికీ తెలపవచ్చు. కళ్ళానికి చేర్చి కుప్ప వేసిన పంటకు, బస్తాలకెత్తిన ధాన్యానికి ఇది వర్తించదు.

మీరు ఎవరితో నోటిమాటగా చెప్పి ఊరుకున్నారో, ఏ రోజున చెప్పారో ఉత్తరంలో లేదు. 72 గంటల్లో ఫోన్ చేసి ఉంటే ఆ సంఖ్యతో గట్టిగా అడగండి. చేయకపోయి ఉంటే, కనీసం ఊరి మొత్తానికి పంట కోత ప్రయోగాల (కొన్ని పొలాల్లో కోసి తూచి చూసేవి) ప్రకారం దిగుబడి తగ్గినట్టు తేలితే వచ్చే సొమ్ముకు మీరు అర్హులుగానే ఉంటారు. వరికి గ్రామం యూనిట్ కాబట్టి, గత ఏడేళ్ళలో మంచి ఐదేళ్ళ సగటు మీద కట్టిన ప్రారంభ దిగుబడి కంటే ఈసారి మీ ఊరి సగటు ఎంత తగ్గితే ఆ మేరకు అందరికీ చెల్లిస్తారు. కోత ప్రయోగం మీ ఊళ్ళో ఏ పొలాల్లో, ఏ రోజున చేశారో చూసి ఉంచుకోవడం ఊరందరి పని. తూకం వేసే వేళ పదిమంది రైతులు పక్కన నిలబడితే అంకె మారదు.

అనంతపురం వేరుశనగ రైతులు ఈ జవాబు చదివి తమకూ ఇదే వర్తిస్తుందనుకోకూడదు. వారిది వాతావరణ బీమా. పీకిన కట్టె వానకు తడిస్తే ఈ 14 రోజుల నిబంధన వారిని ఆదుకోదు.

ప్రశ్న: నష్టం డబ్బు పడగానే బ్యాంకు వారు పాత పంట రుణం కింద జమ చేసుకున్నారు. అలా చేయవచ్చునా?
– ఒక రైతు, గుంతకల్లు మండలం

సమాధానం: పెట్టుబడి రాయితీని బాకీలకు జమ చేసుకోరాదని ప్రభుత్వం నిధులు విడుదల చేసేటప్పుడు బ్యాంకులకు సాధారణంగా సూచిస్తుంది. మీ చెల్లింపుకు సంబంధించిన ఉత్తర్వు నకలు మండల వ్యవసాయ కార్యాలయంలో తీసుకుని మేనేజరుకు చూపండి. వినకపోతే జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరుకు రాయండి. బీమా సొమ్ము సంగతి వేరు, అది రుణంతో ముడిపడి ఉంటుంది.

ఇంతకంటే పెద్ద మేలు ఒకటి ఉంది, దానిని మనవారు అడగడమే తక్కువ. ప్రకృతి వైపరీత్యాల సమయంలో బ్యాంకులు చేయవలసిన సాయంపై రిజర్వు బ్యాంకు 2018లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, పంటనష్టం 33 శాతం నుంచి 50 శాతం లోపు ఉంటే స్వల్పకాలిక పంట రుణాన్ని గరిష్ఠంగా రెండేళ్ళకు, 50 శాతం, అంతకు మించితే ఐదేళ్ళ వరకు కాలవ్యవధి రుణంగా మార్చవచ్చు. రెండింటిలోనూ మొదటి ఏడాది వాయిదా కట్టనవసరం లేదు. మార్చినందుకు అదనపు హామీ అడగకూడదు. మార్చుకున్నవారు కొత్త పంట రుణానికి అర్హులవుతారు. లేకపోతే మీ ఖాతా మొండి బాకీల్లో చేరి, వచ్చే ఖరీఫ్‌కు మూడు రూపాయల వడ్డీకి బయట అప్పు తేవలసి వస్తుంది. మండలాన్ని కరవు జాబితాలో చేర్చగానే బ్యాంకుకు వెళ్ళి రీషెడ్యూలు కోరుతూ దరఖాస్తు ఇవ్వండి, రసీదు తీసుకోండి.

ప్రశ్న: మే నెల ఈదురుగాలికి మూడెకరాల అరటి గెలలతో సహా నేలకూలింది. గాలి విపత్తు కాదంటున్నారు.
– ఒక రైతు, పుట్లూరు మండలం

సమాధానం: కేంద్రం గుర్తించిన జాబితాలో తుఫాను, కరవు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగళ్ళు, కొండచరియలు విరిగిపడడం, హిమపాతం, కుంభవృష్టి, చీడదాడి, అతిశీతల గాలులు అని పన్నెండు ఉన్నాయి. హిమపాతం పుట్లూరుకు వచ్చేది కాదు. ఏటా వేసవిలో తోటలను పడగొట్టే ఈదురుగాలి పేరు మాత్రం అందులో లేదు. అయితే విపత్తు నిధిలో 10 శాతం వరకు స్థానిక విపత్తులకు వాడుకునే స్వేచ్ఛ రాష్ట్రానికి ఉంది కనుక, 'గాలికి రాదు' అన్న నోటిమాటతో సరిపెట్టుకోకండి. ఉద్యాన శాఖ అధికారిని పిలిపించి నష్టం అంచనా రాయించండి. గాలితో పాటు వడగళ్ళు పడి ఉంటే ఆ సంగతి నివేదికలో తప్పక ఉండేలా చూసుకోండి. చెట్లను తొలగించకముందే, చుట్టుపక్కల గుర్తులు కనబడేలా ఫోటోలు తీసి ఉంచండి.

ప్రశ్న: వంక పొంగి పన్నెండు గొర్రెలు కొట్టుకుపోయాయి. ఏమైనా వస్తుందా?
– ఒక పెంపకందారు, ముదిగుబ్బ మండలం

సమాధానం: వస్తుంది. వరదలో చనిపోయిన గొర్రెకు, మేకకు 4,000 రూపాయల చొప్పున, ఒక కుటుంబానికి 30 వరకు ఇస్తారు. పాడి ఆవు, గేదె అయితే 37,500, ఎద్దు అయితే 32,000. పశువైద్యుని ధ్రువీకరణ తప్పనిసరి. కళేబరాలు దొరికినవాటిని పూడ్చకముందే చూపించండి. దొరకనివాటికి రెవెన్యూ అధికారి ఎదుట పంచనామా జరిపించాలి.

ప్రశ్న: 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు మా బంధువుల పొలాలు ఇసుకతో పూడిపోయాయి. పంటకు డబ్బు వచ్చింది, ఇసుక తీయడానికి వారే ఖర్చు పెట్టుకున్నారు. రేపు మా పెన్న ఒడ్డున అలా జరిగితే పంటకు తప్ప పొలానికి సాయం ఉండదా?
– ఒక పాఠకురాలు, తాడిపత్రి

సమాధానం: పొలానికి విడిగా ఉంది, ఎక్కువమందికి తెలియదు. మూడు అంగుళాలకు మించి ఇసుక గాని, ఒండ్రు గాని మేట వేసిన సాగుభూమిని బాగుచేసుకోవడానికి సన్న, చిన్నకారు రైతులకు హెక్టారుకు 18,000 రూపాయలు ఇస్తారు. వరదకు నది దారి మారి పొలమే కోతకు గురై పోతే హెక్టారుకు 47,000. మేట ఎంత మందాన ఉందో అధికారి కొలిచి ధ్రువీకరించాలి, అదే పనికి ఇంకొక ప్రభుత్వ పథకం కింద డబ్బు తీసుకుని ఉండకూడదు.

అన్నమయ్య ప్రాజెక్టు ఉన్న చెయ్యేరు ఒడ్డున ఆనాడు కొన్ని పొలాల్లో మనిషి ఎత్తు ఇసుక పడింది. అంత ఇసుక తీయడానికి 18,000 ఏ మూలకూ చాలదు. జేసీబీ అద్దె ఒకటి రెండు రోజులకే అయిపోతుంది. పైగా పొలంలో పడిన ఇసుకను అమ్ముకోవడానికి గనుల శాఖ నిబంధనలు అడ్డు వస్తాయి. కనుక మీ వైపు అలాంటిది జరిగితే జేసీబీని పిలవకముందే పొలం నాలుగు మూలలా కర్రలు పాతి మేట మందం కొలిపించి, ఆ కొలతలతో పంచనామా రాయించుకుని, ఇసుకను ఎక్కడికి తరలించవచ్చో తహసీల్దారు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. పంటనష్టం అర్జీ, మేట తొలగింపు అర్జీ రెండూ వేర్వేరు కాగితాల మీద ఇవ్వండి. ఒకే కాగితంలో రాస్తే పంటనష్టం నమోదై రెండోది అక్కడే ఆగిపోతుంది.